కళ్ళల్లో నిప్పులు పోసేదెవరు?

“పక్కింటివాళ్ళు కారు కొంటే ఈవిడ కళ్ళల్లో నిప్పులు పోసుకుంది” అంటారు కదా, అసూయకీ నిప్పులకీ సంబంధం ఏమిటి, ఆ మాట ఎలా వచ్చింది అని అడిగారు. మాది గుంటూరు దగ్గర పల్లె. ఈ మాట ఊరికే వినడమే కాదు, ఒకసారి మా నాయనమ్మ చేత అనిపించుకున్నాను కూడా. అందుకే రాస్తున్నా.

ముందు ‘పోసుకోవడం’ అన్న మాట చూడండి. పోయడం వేరు, పోసుకోవడం వేరు. వండటం, వండుకోవడం లాగా. క్రియకు ‘కొను’ చేరిందంటే ఆ పని చేసినవాడికే చెందుతుంది. నిప్పులు పోసేది అసూయపడేవాడు, ఆ కళ్ళూ వాడివే. ఎదుటివాడికి చేసేదైతే మనకు వేరే మాటలున్నాయి. దొంగ మన కళ్ళల్లో కారం కొడతాడు, మోసగాడు దుమ్ము కొడతాడు.

కోపానికీ కళ్ళే, నిప్పులే. కానీ అక్కడ కళ్ళు నిప్పులు చెరుగుతాయి. చాటతో చెరిగితే పొట్టు బయటికి ఎగిరినట్టు కోపం బయటికి పోతుంది. అందుకే శివుడు మన్మథుణ్ణి కాల్చిన మూడోకంటికి ఈ మాటను ముడిపెడితే నేను ఒప్పుకోను. అది బయటికొచ్చిన నిప్పు. అసూయది లోపలికి పోయే నిప్పు.

కళ్ళే ఎందుకంటే, అసూయ చూపుతోనే మొదలవుతుంది. ‘దిష్టి’ అన్న మాట ‘దృష్టి’ నుంచే వచ్చింది. కన్ను కుట్టింది అనీ అంటాం. ఇక నిప్పంటారా, రోహిణి కార్తె ఎండలు ఎరిగినవాళ్ళం కాబట్టి మంచినంతా చల్లదనంతో చెప్పుకుంటాం. ‘నీ కడుపు చల్లగా’ అని దీవిస్తాం. చెడ్డదంతా మంటే: కడుపు మంట, ఒళ్ళు మంట. ఎదుటివాడు చెడిపోయాక ఓర్వలేనివాణ్ణి “ఇప్పుడు నీ కళ్ళు చల్లబడ్డాయా?” అని నిలదీస్తాం. అంటే అప్పటిదాకా మండాయనే కదా.

సంస్కృత నిఘంటువు అమరకోశం ఈర్ష్యకు ‘అక్షాంతి’ అనీ, అసూయకు గుణాల్లో కూడా దోషం ఎంచడం అనీ అర్థం చెబుతుంది. అక్షాంతి అంటే అచ్చంగా మన ఓర్వలేనితనమే. రెండోది ఎలా ఉంటుందో నా సంగతే చెబుతాను.

ఓ ఏడాది మా పెదనాన్న కొడుకూ నేనూ పక్కపక్క చేలల్లో తేజ రకం మిర్చి వేశాం. ఒకే నారు, ఒకే బోరు నీళ్ళు. అప్పుల ఒత్తిడికి నేను కళ్ళంలోంచే గుంటూరు మిర్చి యార్డుకు తోలి, వచ్చిన రేటుకు అమ్మేశాను. అన్నయ్య టిక్కీలన్నీ, అంటే మిర్చి బస్తాలన్నీ, ఏసీలో పెట్టాడు (కోల్డ్ స్టోరేజీని మా వైపు ఏసీ అంటారు). దసరా నాటికి రేటు ఎగిసింది. ఆయన ఇంటి మీద అంతస్తు లేపుతుంటే పొద్దున్నే పళ్ళు తోముకుంటూ మా దొడ్లోంచి ఆ గోడ వంకే చూసేవాణ్ణి. పిల్లర్లు సన్నగా ఉన్నాయని, సిమెంటు తక్కువ కలుపుతున్నాడని ఇంట్లో చెప్పేవాణ్ణి. పిల్లర్లు బాగానే ఉన్నాయి.

నాయనమ్మ వసారాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. తలెత్తకుండానే అంది: “ఏందిరా, వాడు నీ సొమ్మేమన్నా తిన్నాడా? ఉత్తపుణ్యానికి కళ్ళల్లో నిప్పులు పోసుకుంటన్నావు.”

ఇద్దరం ఆమె మనవళ్ళమే. ఆ మాట పడ్డాక ఆమె చేతుల వంకే చూస్తూ ఉండిపోయాను. తొడిమలు తీసిన చెయ్యి పొరబాటున కంటికి తగిలితే ఏమవుతుందో మిర్చి పండే ఊళ్ళో చిన్నపిల్లలకీ తెలుసు. కారం నీళ్ళలో కరగదు, ఎన్ని నీళ్ళు కొట్టినా వెంటనే తగ్గదు. కారం ఎవరూ కొట్టలేదు, మన చెయ్యే, మన కన్నే. ఆ జాతీయం నాకు అర్థమైంది అప్పుడే.

ఆ సాయంత్రం ఆమె అన్నయ్య కొడుక్కి దిష్టి తీసింది. గుప్పిట్లో రాళ్ళ ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని మూడుసార్లు తిప్పి, “ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా దిష్టి, అందరి దిష్టి” అంటూ పొయ్యిలో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు లెక్క. వచ్చిందో లేదో చూడటానికి నేను అక్కడ నిలబడలేకపోయాను.

2021లో నల్లతామర పురుగు మిర్చి పూత మీద పడింది. అప్పటికి నేను చేను కౌలుకిచ్చేశాను. అన్నయ్య చేలో పూతంతా రాలిపోయింది, చేసేది లేక దున్నేశాడు. నాయనమ్మ అప్పటికే పోయింది. ఉంటే “నీ కళ్ళు చల్లబడ్డాయిరా?” అని అడిగేదే. ట్రాక్టరు తిరుగుతున్నంతసేపూ గట్టు మీద ఆయన పక్కనే నిలబడ్డాను. చల్లబడలేదు.