క్యాన్సర్ పరిశోధనకు విరాళాల నడక

ప్రశ్న: మా అమ్మగారు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆవిడ ఆబ్దికం నాటికి కాలనీవాళ్లను కలుపుకొని అయిదు కిలోమీటర్ల నడక ఏర్పాటు చేసి, వచ్చిన డబ్బును క్యాన్సర్ పరిశోధనకు పంపాలని నేనూ మా తమ్ముడూ అనుకుంటున్నాము. అమెరికాలోని బంధువులు కూడా ఇస్తామంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నడిచే దారి తర్వాత చూసుకోవచ్చు, ముందు డబ్బు ఎవరికి చేరాలో తేల్చుకోండి. క్యాన్సర్ పేరు చెప్పి అడిగినప్పుడు చాలామంది ఒక పేద రోగి ఆపరేషన్‌కో, మందులకో ఇస్తున్నామనుకునే ఇస్తారు. అది గొప్ప సాయమే, కానీ పరిశోధన కాదు. ముంబైలోని టాటా మెమోరియల్ సెంటర్, 1954లో వైద్యురాలు ముత్తులక్ష్మి రెడ్డి చొరవతో చెన్నైలోని అడయారులో ఏర్పడిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్‌లోని బసవతారకం ఆస్పత్రి వంటివి చికిత్సతోపాటు పరిశోధన కూడా చేస్తున్నాయి. మీరు ఎంచుకున్న సంస్థకు ఉత్తరం రాసి, విరాళాన్ని పరిశోధనకే ప్రత్యేకించి స్వీకరిస్తారా, కార్యక్రమంలో తమ పేరు వాడుకోనిస్తారా అని అడగండి. రాతపూర్వకంగా జవాబు వచ్చిన తర్వాతే కరపత్రం అచ్చు వేయించండి.

పరిశోధన అంటే ఏమిటని ఇంటింటా అడుగుతారు. మీ అమ్మగారికి వచ్చిన జబ్బు విషయంలోనే చక్కని ఉదాహరణ ఉంది. టాటా మెమోరియల్ వైద్యులు ముంబై మురికివాడల్లో సుమారు లక్షన్నర మంది స్త్రీలపై ఏళ్ల తరబడి అధ్యయనం నడిపారు. తర్ఫీదు పొందిన సాధారణ ఆరోగ్య కార్యకర్తలు, వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే పలుచగా గర్భాశయ ముఖద్వారానికి పూసి పరీక్షించిన స్త్రీలలో ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో ప్రకటించారు. ఖరీదైన యంత్రాలు లేని ఊళ్లలోనూ చేయదగిన పరీక్ష అది. దాని విలువ తెలియడానికి అన్నేళ్లపాటు ఇల్లిల్లూ తిరిగి లెక్కలు రాసుకోవలసి వచ్చింది. పరిశోధనకిచ్చే రూపాయి ఖర్చయ్యేది ఇలాంటి ఓపిక గల పనికేనని మీ కరపత్రంలో రాయండి.

వసూళ్లను మీ సొంత ఖాతాలోకో, మీ ఫోన్‌పే నంబరుకో తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. మీ ఖాతా నుంచి వెళ్తే రసీదు మీ పేరిటే వస్తుంది. అసలు దాతకు పన్ను మినహాయింపు దక్కదు, మీ నిజాయితీపై అనవసరమైన అనుమానాలకూ తావిచ్చినట్లవుతుంది. సంస్థ ఖాతా వివరాలు ఇచ్చి, ఎవరికి వారే నేరుగా పంపేలా చూడండి. ఆ మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుందనీ, 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి అది ఉండదనీ, పాన్ నంబరు ఇవ్వాలనీ దాతలకు ముందే చెప్పండి.

ప్రవేశ రుసుము భారీగా పెట్టకండి. క్యాన్సర్ వల్ల కాలు కోల్పోయిన కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్, 1980లో కృత్రిమ కాలితో 143 రోజులపాటు 5,373 కిలోమీటర్లు పరుగెత్తి, పరిశోధన కోసం ఒక్కొక్క కెనడా పౌరుణ్ణీ అడిగింది ఒక్క డాలరే. నడక రోడ్డు మీద అయితే పోలీస్ స్టేషన్‌లో ముందుగా అనుమతి తీసుకోవాలి. పాఠశాల మైదానం దొరికితే ఆ శ్రమ తగ్గుతుంది. లక్కీ డ్రా టికెట్లు మాత్రం అమ్మకండి, అది లాటరీ కిందికి వచ్చే ప్రమాదం ఉంది.

ఇక అమెరికా బంధువుల సంగతి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళంగా లెక్కకు రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు, భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీ దాతలే. వారి విరాళాన్ని మీరు తీసుకోరాదు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదైన సంస్థ, న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో అందుకోసమే తెరిచిన ఖాతాలో మాత్రమే స్వీకరించాలి. కాబట్టి సంస్థకు రాసే మొదటి ఉత్తరంలోనే ఆ నమోదు ఉన్నదీ లేనిదీ అడిగి, ఉంటే ఆ ఖాతా వివరాలను బంధువులకు పంపండి.