రెండు పెట్టెలు, ఒకే గడియారం

ప్రశ్న: నా దగ్గర రెండు మైక్ ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కి అందించే పెట్టె) ఉంది. డ్రమ్స్ రికార్డింగ్ కోసం ఈమధ్య ఎనిమిది ఇన్‌పుట్‌లది ఇంకొకటి కొన్నాను. రెండింటినీ యూఎస్‌బీతో ఒకే విండోస్ కంప్యూటర్‌కి తగిలిస్తే సాఫ్ట్‌వేర్‌లో ఏదో ఒకటే ఎంచుకోనిస్తోంది. రెండింటినీ కలిపి చూపించే ఉచిత డ్రైవర్ ఒకటి వేశాను. పది ట్రాకులూ వచ్చాయి కానీ మధ్యమధ్యలో టిక్కుమంటోంది. పాట చివరికి వచ్చేసరికి డ్రమ్స్‌కీ గిటార్‌కీ పొంతన ఉండడం లేదు. రెండింటికీ ఆప్టికల్ సాకెట్లు ఉన్నాయి. వాటితో పనవుతుందా సార్?

జవాబు: అవుతుందండి. ముందు ఎనిమిది ఇన్‌పుట్‌ల దాని యూఎస్‌బీ వైరు పీకేయండి. మీ కష్టమంతా అక్కడే ఉంది.

ప్రతి ఇంటర్‌ఫేస్‌లోనూ సొంత గడియారం ఒకటి ఉంటుంది. సెకనుకు 48,000 సార్లు శబ్దాన్ని కొలవమంటే, ఒకటి కచ్చితంగా అన్నే కొలిచినా రెండోది 48,002 కొలవచ్చు. రెండంటే ఎంత అనిపిస్తుంది. నాలుగు నిమిషాల పాటలో అది 480 శాంపిల్స్ (కొలతలు), అంటే 10 మిల్లీసెకన్లు. స్నేర్ డ్రమ్ దెబ్బ ఒకటి రెండుగా వినిపించడానికి అది చాలు. డ్రైవర్ రెండు పెట్టెల్నీ ఒకటిగా చూపిస్తుందే గానీ గడియారాల్ని ఒకటి చేయదు. మ్యాక్‌లో అయితే అగ్రిగేట్ డివైస్ అని ఉంటుంది, అందులో డ్రిఫ్ట్ కరెక్షన్ (గడియారాల తేడాని సర్దే సెట్టింగ్) పెట్టుకుంటే అవసరానికి గట్టెక్కవచ్చు.

ఇప్పుడు ఆప్టికల్ కేబుల్ తీసుకోండి. కొత్తదైతే కొనల మీద చిన్న ప్లాస్టిక్ తొడుగులుంటాయి, తీసేయండి. ఎనిమిది ఇన్‌పుట్‌ల దాని 'ఆప్టికల్ అవుట్' నుంచి చిన్నదాని 'ఆప్టికల్ ఇన్'కి పెట్టండి. అవుట్‌లో కేబుల్ పెట్టాక రెండో కొసన ఎర్రటి వెలుగు కనిపించాలి. కేబుల్‌ని గట్టిగా మడవకండి. ఈ సాకెట్‌లోంచి రెండు రకాల సిగ్నల్ వెళ్తుంది. ఎస్‌పీడీఐఎఫ్‌లో రెండు చానెళ్ళే, ఏడాట్‌లో ఎనిమిది. రెండు పరికరాల సెట్టింగుల్లోనూ ఏడాట్ అనే ఎంచుకోవాలి. చిన్నదానికి ఏడాట్ ఇన్‌పుట్ ఉందో లేదో మాన్యువల్‌లో ముందే చూసుకోండి. కంప్యూటర్ లేకుండా పెద్దది విడిగా పనిచేస్తుందో లేదో కూడా అందులోనే ఉంటుంది.

అసలు చిక్కు దీని తర్వాత. కంప్యూటర్‌కి తగిలించినదానిదే పెత్తనం అనుకుని చాలామంది దాన్నే మాస్టర్‌గా, అంటే గడియారం నడిపేదిగా, పెడతారు. కేబుల్ ఒక్కటే ఉన్నప్పుడు గడియారం కూడా శబ్దం వెళ్ళే దిక్కుకే వెళ్తుంది. కాబట్టి పంపే పెట్టె క్లాక్ సోర్స్ దగ్గర 'ఇంటర్నల్'లో, అంటే సొంత గడియారం మీద, ఉండాలి. అందుకునేది, అంటే మీ చిన్న ఇంటర్‌ఫేస్, క్లాక్ సోర్స్ దగ్గర 'ఏడాట్'లో ఉండాలి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. చిన్నదే మాస్టర్ కావాలంటే దాని అవుట్ నుంచి పెద్దదాని ఇన్‌కి ఇంకో ఆప్టికల్ కేబుల్ కావాలి, లేదా రెండింటికీ వర్డ్ క్లాక్ సాకెట్లు (గడియారం సిగ్నల్ కోసమే ఉండేవి) ఉంటే వాటికి పెట్టే బీఎన్‌సీ కేబుల్.

ఈ ఒక్క మెనూ చూసుకోక నేను రెండు రాత్రులు పోగొట్టుకున్నాను. ఎనిమిది చానెళ్ళ రికార్డింగ్‌లో ఉండి ఉండి టిక్కుమనేది. కేబుల్ మార్చాను, బఫర్ (కంప్యూటర్ శబ్దాన్ని కాసేపు నిల్వ ఉంచుకునే చోటు) పెంచాను. చివరికి వేవ్‌ఫామ్‌ని బాగా పెద్దది చేసి చూస్తే, నున్నగా వంపు తిరగాల్సిన గీత ఒకచోట మెట్టులా తెగి ఉంది. అప్పుడు వెళ్ళి చూస్తే రెండు పెట్టెలూ ఇంటర్నల్‌లోనే ఉన్నాయి. సెట్టింగ్ మార్చగానే టిక్కులు ఆగిపోయాయి గానీ, తీసిన టేకులు బాగుపడలేదు. పాడినాయన్ని మళ్ళీ పిలవాల్సి వచ్చింది. మీకు ఆ టెన్షన్ వద్దు. అసలు రికార్డింగ్‌కి ముందు పది నిమిషాలు ఏదైనా వాయించి, హెడ్‌ఫోన్స్‌లో చివరిదాకా వినండి.

శాంపిల్ రేటు రెండింటిలోనూ 48 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 48,000 కొలతలు, ఉంచండి. 96కి వెళ్తే ఒక్కో ఆప్టికల్ కేబుల్‌లో నాలుగు చానెళ్ళే వస్తాయి, సగం డ్రమ్ మైకులు బయటే ఉండిపోతాయి.

ఇంకొక మాట. డ్రమ్స్ మీద వేలాడే రెండు ఓవర్‌హెడ్ మైకుల్నీ ఒకే పెట్టెకి ఇవ్వండి. గడియారం కలిసినా, ఆప్టికల్ దారిలో వచ్చే చానెళ్ళు కొద్ది శాంపిల్స్ అటూ ఇటూగా రావచ్చు. స్టీరియో జంటలో ఆ కాస్త తేడా కూడా చెవికి తెలుస్తుంది. మీరైతే డ్రమ్స్ మొత్తం పెద్దదానికి ఇచ్చేసి, గిటార్‌నీ పాటనూ చిన్నదాంట్లో పెట్టుకోండి.