ఆరు దినాలకన్నా ఆదాము చిక్కే పెద్దది

ప్రశ్న: నేను బి.యస్సీ. జీవశాస్త్రం చదువుతున్నాను. దేవుడు ఆరు దినాలలో లోకాన్ని సృజించాడని చెప్పే బైబిలులోని ఆదికాండము మొదటి అధ్యాయాన్ని అక్షరాలా నమ్మనివారు క్రైస్తవులే కారని మా పాస్టరుగారు అంటారు. పరీక్షలో జీవపరిణామం గురించి వ్రాసి, ఆదివారం ఆరాధనలో సృష్టికర్తను స్తుతించడం కపటమవుతుందా?
- ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: కాదు. మీ పాస్టరుగారు చెప్పిన షరతును సంఘం తొలినుంచీ అందరిమీదా విధించలేదు. సూర్యచంద్రులు నాలుగవ దినమున కలిగినట్టు వ్రాసి ఉండగా, అంతకు ముందరి మూడు దినాలకు అస్తమయమూ ఉదయమూ ఎలా ఏర్పడ్డాయని బుద్ధిగలవాడెవడైనా అడగడా అని 3వ శతాబ్దంలోనే అలెగ్జాండ్రియాకు చెందిన క్రైస్తవ పండితుడు ఓరిజెన్ ప్రశ్నించారు. 5వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆదికాండానికి వ్యాఖ్యానం వ్రాసిన బిషప్పు అగస్టీను, ఆ దినాలు మనం సూర్యుణ్ణి చూసి లెక్కపెట్టే దినాలు కావనీ, దేవుడు సమస్తాన్నీ ఒక్కసారే సృజించాడనీ భావించారు. జీవపరిణామాన్ని వివరించిన డార్విన్ గ్రంథం 1859లో వెలువడింది గనుక, పద్నాలుగు వందల ఏళ్లకు పైగా ముందటివారైన వీరు సైన్సుకు జడిసి సర్దుకున్నారని ఎవరూ అనలేరు. సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందన్న ప్రసిద్ధమైన లెక్క మాత్రం ఐర్లండుకు చెందిన ఆర్చిబిషప్పు జేమ్స్ అషర్ 1650లో వేసినది.

మీ బైబిలునే తెరచి మొదటి రెండు అధ్యాయాలను పక్కపక్కన పెట్టి చదవండి. మొదటి దానిలో చెట్లు, పక్షులు, జంతువులు వరుసగా కలిగిన తరువాత చివరగా స్త్రీపురుషులు ఇద్దరూ కలిసి సృజింపబడతారు. రెండవ అధ్యాయం నాలుగవ వచనం దాటాక కథ మళ్ళీ మొదలవుతుంది: పొలములో ఇంకా ఏ పొదా లేనప్పుడు నరుణ్ణి నేలమంటితో నిర్మించడం, ఆపైన తోట, ఆపైన జంతువులు, చివరకు స్త్రీ. మొదటి కథలో ‘దేవుడు’ అని ఉన్నచోట రెండవ కథలో ‘దేవుడైన యెహోవా’ అని ఉంటుంది. ఈ తేడాను ఆధారం చేసుకొని ఇవి రెండు మూలాలనుంచి వచ్చాయని 1753లో వాదించినవాడు జాన్ ఆస్ట్రూక్ అనే ఫ్రెంచి వైద్యుడు. విశేషమేమంటే ఆయన ఆదికాండాన్ని వ్రాసింది మోషేయేనన్న సంప్రదాయాన్ని కాపాడడానికే, మోషే పాత వ్రాతలను వాడుకున్నాడని చెప్పడానికే ఆ పనికి పూనుకున్నాడు.

మొదటి అధ్యాయం ఇప్పుడున్న రూపానికి వచ్చింది క్రీ.పూ. 6వ శతాబ్దంలో, యూదులు బబులోను చెరలో ఉన్న కాలంలోనో ఆ తరువాతి కాలంలోనో అని పండితులలో ఎక్కువమంది అభిప్రాయం. ఆ బబులోనులో మర్దూకు అనే దేవుడు తియామతు అనే సముద్ర దేవతను చంపి ఆమె కళేబరంతో ఆకాశాన్ని చేశాడని చెప్పేవారు. సూర్యుడూ చంద్రుడూ అక్కడ పూజలందుకునే దేవతలు. ఆదికాండము వారి పేర్లయినా ఎత్తకుండా ‘పెద్ద జ్యోతి’, ‘చిన్న జ్యోతి’ అని దీపాల స్థాయికి దించి, వాటిని నాలుగవ దినానికి నెట్టివేసింది. ఓడిపోయి పరదేశంలో బ్రతుకుతున్న ఒక చిన్న జాతి తన యజమానుల దేవతలగురించి అన్న మాట ఇది. భూమి వయస్సెంత అన్న ప్రశ్న వారి ముందు లేనేలేదు. ఆ సాహసాన్ని చూడకుండా ఈ అధ్యాయంలో భూగర్భశాస్త్రాన్ని వెతకడం దానికి న్యాయం చేయడం కాదని నా అభిప్రాయం.

ఇక మీ పాఠ్యపుస్తకం. చింపాంజీకి 24 జతల క్రోమోజోములుంటే మనకు 23 జతలే ఉన్నాయి. కారణం, వాటిలో రెండుగా ఉన్నవి మన వంశంలో కొసలు కలిసి ఒక్కటైపోవడమే. మామూలుగా క్రోమోజోము కొసల్లో ఉండవలసిన వరుసలు మన రెండవ క్రోమోజోము నడుమ నేటికీ కనిపిస్తాయి. మానవ జన్యుపటం తయారీకి నాయకత్వం వహించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ ఇటువంటి సాక్ష్యాన్ని ఎరిగిన సువార్తిక క్రైస్తవుడు. అమెరికాలో డార్విన్‌ను తొలిగా సమర్థించిన వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రే కూడా ప్రెస్బిటీరియన్ విశ్వాసే.

అయినా చిక్కేమీ లేదని చెప్పను. అసలు చిక్కు ఆరు దినాల దగ్గర లేదు, రోమా పత్రిక 5వ అధ్యాయం దగ్గర ఉంది. ఒక మనుష్యుని ద్వారా, అంటే మొదటి నరుడైన ఆదాము ద్వారా, పాపము, పాపము ద్వారా మరణము లోకంలో ప్రవేశించాయని పౌలు అంటాడు. మనుష్యులు పుట్టకముందే కోట్ల సంవత్సరాలుగా ప్రాణులు చనిపోతున్నాయని శిలాజాలు చెబుతుండగా, నేటి మానవులలోని జన్యు వైవిధ్యం కొన్ని వేల ఏళ్లనాటి ఒకే ఒక్క జంటనుంచి వచ్చిందనడానికి వీలులేదు. మానవ శరీరం పరిణామంలో వచ్చిందేమో పరిశోధించవచ్చునని 1950లో అనుమతించిన పన్నెండవ పయస్ పోపు సైతం ఆదాము ఒక్కడేనన్న చోట పట్టు సడలించలేదు. అప్పటికే ఉన్న మనుష్యులలోనుంచి దేవుడు ఆదామును ప్రతినిధిగా ఎంచుకొని ఉండవచ్చునని ఆంగ్లికన్ బోధకుడు జాన్ స్టాట్ సూచించారు. ఆదాము మనందరినీ సూచించే పాత్ర అనీ, పౌలు చెప్పిన మరణం దేవునికి దూరమవడమనీ మరికొందరంటారు. నాకు ఈ రెండవదే సబబుగా తోస్తుంది. కాని అలా చదివినవారు పాపం ఎక్కడ మొదలైందన్న ప్రశ్నకు సూటి జవాబు చెప్పలేరన్న సంగతిని కూడా ఒప్పుకోవాలి. పాస్టరుగారితో మాట్లాడదలిస్తే డార్విన్‌తో కాక ఈ అధ్యాయంతో మొదలుపెట్టండి. ఆయన భయమంతా బహుశా ఇక్కడే ఉంటుంది.

ప్రశ్న: ఆదికాండాన్ని ఇలా చదివేవారు రేపు యేసు కూడా కథేనంటారు కదా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అనవలసిన పని లేదు, ఎందుకంటే ఇక్కడి ఆధారాలు వేరు. యూదయలో రోమా అధిపతియైన పిలాతు పాలనలో క్రీస్తుకు మరణశిక్ష పడిందని క్రైస్తవులంటే గిట్టని రోమా చరిత్రకారుడు టాసిటస్ 2వ శతాబ్దం మొదట్లో వ్రాశాడు. పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో కైసరయలో దొరికింది. పౌలు కొరింథీయులకు మొదటి పత్రికను సుమారు క్రీ.శ. 55లో, అంటే సిలువ జరిగిన పాతికేళ్లకే వ్రాస్తూ, పునరుత్థానుడైన క్రీస్తును చూసినవారి జాబితాను తనకంటె ముందరివారు అప్పగించినదిగా పేర్కొన్నాడు. శిష్యులు తాము ఆయనను చూశామని నిజంగా నమ్మారనే వరకు చరిత్రకారులలో చాలామంది వస్తారు. ఆ నమ్మకం నిజమా అన్నది వారి పద్ధతులకు అందేది కాదు, అక్కడ విశ్వాసి తన అడుగు తానే వేసుకోవాలి.

ఇదే చరిత్ర మనకు నచ్చనివి కూడా చెబుతుంది. మత్తయి ప్రకారం యేసు హేరోదు బ్రతికుండగా పుట్టాడు. ఆ రాజు క్రీ.పూ. 4లో చనిపోయాడని పండితులు సాధారణంగా అంగీకరిస్తారు. కాని యేసు పుట్టినప్పుడు జరిగిందని లూకా చెప్పిన ప్రజాసంఖ్య, అంటే సిరియా అధిపతి కురేనియు కాలపు జనాభా లెక్క, క్రీ.శ. 6లో జరిగినట్టు యూదు చరిత్రకారుడు జోసీఫసు గ్రంథం వలన తెలుస్తుంది. ఈ పదేళ్ల తేడాను పూడ్చడానికి ఎందరో ప్రయత్నించారు గాని ఏ వివరణా నన్ను ఒప్పించలేదు.