పెరట్లో నీళ్లు నిలిచే చోట లూజ్‌స్ట్రైఫ్ వేయొచ్చా?

మీరు అడిగింది ఇదీ: ఇల్లినాయ్‌లో ఇల్లు, పెరటి చివర పల్లంలో వాననీళ్లు రోజుల తరబడి నిలుస్తున్నాయి, గడ్డి బతకడం లేదు. ఊదా పూల లూజ్‌స్ట్రైఫ్ వేద్దామంటే అది నిషేధం అని ఎవరో అన్నారు. వేయొచ్చండీ. కాకపోతే ఏ లూజ్‌స్ట్రైఫ్ అన్నదే అసలు సంగతి.

మీకు చెప్పినవాళ్లు భయపడింది పర్పుల్ లూజ్‌స్ట్రైఫ్ గురించి, వాళ్ల భయం న్యాయమే. అది 1800ల తొలినాళ్లలో ఐరోపా నుంచి అమెరికాకు వచ్చిన మొక్క. బాగా ఎదిగిన ఒక్క మొక్క ఏడాదికి ఇరవై లక్షలకు పైగా విత్తనాలు రాలుస్తుంది. చిత్తడి నేలలో ఒకసారి పాతుకుపోతే మిగతా మొక్కలకు చోటివ్వదు. ఇల్లినాయ్ చట్టం ప్రకారం దాన్ని కొనడం, అమ్మడం, నాటడం కుదరదు. విత్తనం కట్టదని చెప్పి ఒకప్పుడు అమ్మిన గార్డెన్ రకాలు కూడా బయటి మొక్కల పుప్పొడి తగిలి గింజ కట్టాయి. కాబట్టి "ఇది పర్వాలేదు" అని ఎవరు చెప్పినా తీసుకోకండి.

మీరు వేయాల్సింది వింగ్డ్ లూజ్‌స్ట్రైఫ్. శాస్త్రీయనామం లిథ్రమ్ అలాటమ్. ఇది ఇక్కడి మొక్కే, తడి ప్రెయిరీల్లో (సహజమైన గడ్డి మైదానాల్లో), చెరువు గట్ల వెంట, కాలవల పక్కన తనంతట తాను పెరుగుతుంది. మన గోరింటాకు, దానిమ్మ కుటుంబానికే చెందింది. మా ఇంట్లో కప్పు మీది నీళ్లన్నీ వచ్చి చేరే మూలలో కొన్నేళ్లుగా ఉంది. జూన్ చివర్లో పూయడం మొదలుపెడితే ఎండలు తగ్గేదాకా పూస్తూనే ఉంటుంది. బంబుల్ బీలు, సీతాకోకచిలుకలు పొద్దున్నుంచీ దాని మీదే. ఆ మూల వైపు చూస్తే నాకు ఇప్పటికీ సంబరంగానే ఉంటుంది.

రెండిటికీ తేడా దగ్గర నుంచి చూస్తే ఇట్టే తెలుస్తుంది. వింగ్డ్ రకం కాండాన్ని రెండు వేళ్ల మధ్య తిప్పి చూడండి, నాలుగు పలకలుగా, అంచుల వెంట సన్నటి రెక్కల్లాంటి గీతలతో నున్నగా తగులుతుంది. పై ఆకులు ఎదురెదురుగా కాకుండా ఒకటి విడిచి ఒకటి వస్తాయి. ఒక్కో ఆకు మొదట్లో ఒకటో రెండో పూలు, లేత ఊదారంగు, ఆరు రేకులు, ప్రతి రేకు నడుమ ముదురు ఊదా గీత. ఎత్తు చాలావరకు మూడడుగుల లోపే. పర్పుల్ రకమైతే మనిషెత్తు దాకా లేస్తుంది, కొసన పూలు గుత్తులు గుత్తులుగా నిండు కంకిలా వస్తాయి, ఆకులు ఎదురెదురుగానో, కణుపుకి మూడేసి చొప్పునో ఉంటాయి. అనుమానం ఉంటే పూత వచ్చేదాకా ఆగి, ఫోటో తీసి మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో (తోట, వ్యవసాయ సలహాలిచ్చే ఆఫీసు) చూపించండి.

ఇక పెంచడం. విత్తనం పొడిలా ఉంటుంది, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది. చిటికెడు విత్తనాన్ని గుప్పెడు తడి ఇసుకలో కలిపి చల్లితే సమంగా పడుతుంది. పైన మట్టి మాత్రం కప్పొద్దు. దీనికి వెలుతురు తగలాలి, కప్పితే మొలవదు. అరచేత్తో మెల్లగా అదిమితే చాలు. మొలవాలంటే ముందు విత్తనానికి చలి తగలాలి. నా మాట వింటే నవంబర్‌లో చల్లేయండి, చలికాలమే ఆ పని చేసిపెడుతుంది. వసంతంలో చల్లాలంటే ముందు ఆ తడి ఇసుకతో సహా ఫ్రిజ్‌లో రెండు నెలలు ఉంచాలి. ట్రేలో పెంచేటట్లయితే పైనుంచి నీళ్లు పోయకుండా ట్రే అడుగున నీళ్లు నిలపండి, పైనుంచి పోస్తే ఆ మొలకలు కొట్టుకుపోతాయి. మొదటి ఏడాది మొక్క చిన్నగానే ఉంటుంది, టెన్షన్ పడొద్దు.

ఓపిక లేకపోతే నేటివ్ మొక్కల నర్సరీలో చిన్న మొక్కలు కొనుక్కోండి. లేబుల్ మీద లిథ్రమ్ అలాటమ్ అని పూర్తిగా ఉండాలి, ఉత్త "లూజ్‌స్ట్రైఫ్" అని ఉంటే వదిలేయండి. ఒక్కటి కాకుండా నాలుగైదు వేయండి. దీని పూలలో కీలం (పువ్వు నడుమ పుప్పొడి అందుకునే సన్నటి కాడ) పొడుగ్గా ఉండేవి, పొట్టిగా ఉండేవి అని రెండు రకాల మొక్కలుంటాయి, ఒక రకం పుప్పొడి మరో రకానికి చేరితేనే గింజ బాగా కడుతుంది.

ఎండ పూర్తిగా తగలాలి, నీడలో కాండం సాగి వాలిపోతుంది. బంకమట్టి అయినా పర్వాలేదు, ఎరువు అక్కర్లేదు. నాటిన మొదటి వేసవిలో మాత్రం నేల ఎండిపోకుండా చూసుకోండి. మీ పల్లంలో జులై, ఆగస్టుల్లో నేల పగుళ్లిస్తుంటే అక్కడ కాదు, ఇంకాస్త తేమ నిలిచే చోట పెట్టండి. పర్పుల్ లూజ్‌స్ట్రైఫ్‌ను అదుపు చేయడానికి 1992 నుంచి వదులుతున్న గలెరుసెల్లా పురుగులు ఒక్కోసారి వింగ్డ్ రకం ఆకులూ కొరుకుతాయి. మందు కొట్టకండి, మొక్క తేరుకుంటుంది.

మీ కాలవ పక్కన ఇప్పటికే పర్పుల్ రకం కనిపిస్తే, గింజ ముదరకముందే పూల కంకులు కోసి, ప్లాస్టిక్ సంచిలో కట్టి చెత్తలో వేయండి. కంపోస్ట్‌లో మాత్రం వేయకండి.