కిచెన్ మార్చుకోండి, ఎమర్జెన్సీ ఫండ్ జోలికి మాత్రం వెళ్లకండి

ప్రశ్న: మా కిచెన్ కట్టి ఇరవై ఏళ్లు దాటింది. ప్లాట్‌ఫామ్ ఎత్తు తక్కువ, వంట అయ్యేసరికి నడుం పట్టేస్తోంది. డ్రాయర్లు సగం దాకా వచ్చి ఆగిపోతాయి, సింకు కింద చెక్క ఉబ్బింది, ఓవెన్ పెట్టే ప్లగ్ పాయింట్ వేడెక్కుతోంది. చూడ్డానికి కూడా బాగా పాతబడింది. మొత్తం తీసేసి మాడ్యులర్ చేయిద్దామంటే కొటేషన్ మా ఎనిమిది నెలల జీతమంత వచ్చింది. నాలుగు నెలల ఖర్చులకు సరిపడా పొదుపు ఉంది. దాన్ని అడ్వాన్స్‌గా ఇచ్చి, మిగతాదానికి పర్సనల్ లోన్ తీసుకుని, స్టవ్, చిమ్నీ, ఓవెన్ మాత్రం క్రెడిట్ కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐలో కొందామనుకుంటున్నాం. హోమ్ లోన్ ఇంకా నడుస్తోంది. నెలాఖరులోపు బుక్ చేస్తేనే డిస్కౌంట్ అంటున్నారు. మా ప్లాన్ సరైనదేనా?

జవాబు: కాదండీ.

కిచెన్ బాగు చేయించుకోవడం తప్పనడం లేదు, మీరు రాసినవాటిలో కొన్ని నిజంగా ఆలస్యం చేయకూడని పనులే. నా అభ్యంతరమల్లా ఉన్న పొదుపంతా అడ్వాన్స్‌గా ఇచ్చేస్తామని ఒక్క ముక్కలో తేల్చేశారే, అక్కడ. ఇల్లు బాగు చేయించుకునేవాళ్లు చాలామంది చేసే పొరపాటే ఇది. బ్యాంకులో ఊరికే పడి ఉంది కదా అని ముందు చేయి పెట్టేది ఎమర్జెన్సీ ఫండ్ మీదే. అది అలా పడి ఉండాలనే కదండీ పక్కన పెట్టింది!

పైగా ఆ డబ్బు అవసరం ఎక్కువగా పడేది సరిగ్గా పని జరిగే ఆ నెలల్లోనే. గోడకున్న క్యాబినెట్లు ఊడదీస్తే గానీ వెనక ఏముందో తెలియదు. చెమ్మకి పెచ్చులూడిన ప్లాస్టరింగ్ ఉండొచ్చు, లోపల తుప్పు పట్టిన పైపు ఉండొచ్చు, ఎర్త్ లేని వైరింగ్ బయటపడొచ్చు. ఇవేవీ కొటేషన్‌లో ఉండవు, ఎక్స్‌ట్రా వర్క్ పేరుతో విడిగా బిల్లు వస్తుంది. పాత కిచెన్ అయితే కొటేషన్ మీద ఇంకో 15 నుంచి 20 శాతం పక్కన పెట్టుకోమని చెప్పేది అందుకే, మీ ప్లాన్‌లో ఆ మాటే లేదు. పని నడిచినన్నాళ్లూ ఇంట్లో వంట కుదరదు కాబట్టి బయట తిండి ఖర్చు ఎలాగూ పెరుగుతుంది. ఆ టైంలోనే జీతం ఆగిందనుకోండి, ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో చేరారనుకోండి, ఏం చేస్తారు? కారు కొనడం వాయిదా వేసుకోవచ్చు, టూర్ క్యాన్సిల్ చేసుకోవచ్చు, కానీ సగం పగలగొట్టిన కిచెన్‌ని అలా వదిలేసి కూర్చోలేరు, కాబట్టి దొరికిన చోటల్లా, అడిగిన వడ్డీకి అప్పు తెస్తారు.

లెక్క వేద్దాం. మీ ఇంటికి నెలకు 100 వస్తుందనుకోండి. హోమ్ లోన్ కిస్తీతో కలిపి ఖర్చు 75, మిగిలేది 25 అనుకుందాం. అప్పుడు మీ నాలుగు నెలల పొదుపు 300, కొటేషన్ 800. 300 అడ్వాన్స్ పోగా లోన్ 400, కార్డు మీద 100. పర్సనల్ లోన్ 14 శాతానికి ఐదేళ్లకు దొరికినా నెలకు 9.3 కట్టాలి, తీసుకున్న 400కి చివరికి కట్టేది 558. కార్డు ఈఎంఐ ఏడాదికి పెడితే నెలకు ఇంకో 8.3. మీ ఖర్చు 75 కాస్తా దాదాపు 93 అవుతుంది, చేతిలో మిగిలేది 7. ఏడాది తర్వాత కార్డు బాకీ తీరి కాస్త ఊపిరాడినా, ఖాళీ చేసిన ఆ 300 మళ్లీ పోగవ్వడానికి రెండేళ్లు దాటుతుంది. అదీ మధ్యలో ఏ అదనపు ఖర్చూ రాకపోతేనే. ఇంకో సంగతి, ఇవాళ నాలుగు నెలలకు సరిపోయే 300, కొత్త కిస్తీలు మొదలయ్యాక మూడు నెలల మీద వారం వరకే వస్తుంది. అప్పు పెరిగినప్పుడు ఫండ్ కూడా పెరగాలి. మీరేమో సరిగ్గా అప్పుడే దాన్ని సున్నా చేద్దామనుకుంటున్నారు.

నో కాస్ట్ ఈఎంఐ అన్న మాట విని మోసపోకండి. మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారో అదే షాపులో అడిగి చూడండి, వడ్డీ ఎక్కడ దాక్కుందో తెలిసిపోతుంది. దానికన్నా పెద్ద సమస్య ఏంటంటే, కొన్న మేరకు కార్డు లిమిట్ బ్లాక్ అయిపోతుంది. అంటే కష్టం వచ్చినరోజు పొదుపూ ఉండదు, కార్డూ పనికిరాదు. ఒక నెల జారి మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన కొద్ది మొత్తం మాత్రమే కట్టే అలవాటులో పడ్డారంటే ఇక అంతే, మిగతా బాకీ మీద వడ్డీ మొదలవుతుంది. నెలకు 3 శాతం అంటే చిన్నగానే వినిపిస్తుంది కానీ చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది, అలా వదిలేస్తే రెండేళ్లలోపే బాకీ రెట్టింపు. స్టవ్ కోసం ఇంత రిస్కా? కిచెన్ చేసేవాళ్లే లోన్ ఇప్పిస్తామంటే ముందు ఫ్లాట్ రేటా (మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ), రెడ్యూసింగ్ రేటా (తీరగా మిగిలిన అసలు మీదే వడ్డీ) అని అడగండి. ఐదేళ్లకు 10 శాతం ఫ్లాట్ అంటే 14 కన్నా చవకలా కనిపిస్తుంది, కానీ అసలు లెక్కలో అది 17 శాతం పైమాటే.

హోమ్ లోన్ మీద టాప్-అప్ (అదే లోన్ మీద అదనంగా తీసుకునే అప్పు) అయితే మామూలుగా పర్సనల్ లోన్ కన్నా వడ్డీ తక్కువే, కాకపోతే హోమ్ లోన్ తీరేదాకా సాగదీస్తే ఆ లాభం కాస్తా పోతుంది. హెల్త్ ఇన్సూరెన్స్ ఆఫీసు ఇచ్చింది ఒక్కటే ఉంటే కొత్త క్యాబినెట్ల కన్నా ముందు సొంతంగా ఒకటి తీసుకోండి. కిచెన్ మారిస్తే ఇంటి ధర పెరుగుతుందనీ అంటారు. పెరగొచ్చు, కానీ పెట్టినదంతా తిరిగొస్తుందనుకోకండి.

మరి ఏం చేయాలి? ఆ వేడెక్కే ప్లగ్ పాయింట్ వాడటం ఈ రోజే ఆపండి. ఓవెన్ లాంటి పెద్ద లోడ్‌కి బోర్డు నుంచి విడిగా లావు వైరు, దానికంటూ ఒక ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు దానంతటదే ఆపేసే స్విచ్) వేయించండి. సింకు కింద లీక్ కూడా వెంటనే పట్టించండి. ఈ రెండింటికీ పొదుపులోంచి తీసినా నేనేమీ అనను, ఎమర్జెన్సీ అంటే ఇవే.

మిగతాదాన్ని తొందర లేకుండా చేయించుకోవచ్చు. నెలకు మిగిలే 25ని ఆరు నెలలు ఫండ్‌లో కలిపితే 450 అవుతుంది, అంటే ఆరు నెలల ఖర్చు. ఆ తర్వాత దాన్ని ముట్టుకోకుండా ఇంకో ఏడాది దాచితే కిచెన్ కోసమే 300 చేతిలో ఉంటుంది. ఏడాదిన్నర ఎదురుచూడాలి, అప్పు మాత్రం ఉండదు.

ఈలోపు ఆ 800ని 300కి ఎలా దించాలో చూడండి. సింకు జాగా మార్చకండి, మారిస్తే డ్రెయిన్ పైపుకి వాలు కోసం ఫ్లోర్ పగలగొట్టాల్సి వస్తుంది. క్యాబినెట్ల కింది పలకల్ని స్క్రూడ్రైవర్ మొనతో అక్కడక్కడా గుచ్చి చూడండి. మెత్తగా దిగిన చోట చెక్క పోయినట్టే, గట్టిగా ఉంటే ఆ డబ్బాలు అలాగే ఉంచి తలుపులు, కబ్జాలు, డ్రాయర్ ఛానెళ్లు మాత్రం మారిస్తే చాలు. కొత్త లుక్ ఎక్కువగా వచ్చేది తలుపుల వల్ల, పై క్యాబినెట్ల కింద పెట్టే లైట్ల వల్లే. ప్లాట్‌ఫామ్ ఎత్తు మాత్రం తప్పకుండా సరిచేయించండి. వంట ఎక్కువగా చేసేవాళ్లు మోచెయ్యి మడిచి నిలబడితే, దానికి 10 నుంచి 15 సెంటీమీటర్లు కిందకి రావాలి. ఐలాండ్ (కిచెన్ మధ్యలో విడిగా కట్టే ప్లాట్‌ఫామ్), టాల్ యూనిట్ (నిలువెత్తు అలమారా) లాంటివి కొటేషన్‌లో ఉంటే ముందు వాటిని కొట్టేయండి.

నెలాఖరు డిస్కౌంట్ పోతే పోనివ్వండి, ఇంకో నెలలో ఇంకో పేరుతో మళ్లీ వస్తుంది. పని మొదలుపెట్టే రోజు వచ్చాక, సగం డబ్బు ముందే అడిగితే గట్టిగా బేరమాడి, పని ఎంతవరకు అయితే అంతవరకే ఇచ్చేలా కాగితం మీద రాయించుకోండి. చివరి 10 శాతం మాత్రం డ్రాయర్లన్నీ పూర్తిగా లాగి చూసి, సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలి, కింద చేయి పెట్టి తడి లేదని చూసుకున్నాకే ఇవ్వండి.