సీలింగు మీద టీ మరక

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి న్యూజెర్సీ వచ్చి మూడు నెలలైంది. అద్దె ఇంట్లో పడకగది సీలింగు మీద అరచేయంత గోధుమరంగు మరక కనిపించింది. తాకితే పొడిగానే ఉంది. వదిలేయవచ్చా?

వదిలేయకండి. ఈ జవాబు బరంపురంలో మా అమ్మ ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ నా తల మీదా ఒక మరక ఉంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు దిగిన చెమ్మ అది. అమ్మ ఏటా సున్నం కొట్టిస్తుంది, ఏటా వానల్లో అది మళ్లీ తేలుతుంది. రెండుసార్లు పెచ్చులు కూడా రాలాయి. లోపల చువ్వలు తుప్పు పడుతున్నాయని పోరుతూనే ఉన్నాను. కాంక్రీటు స్లాబు కాబట్టి ఇన్నాళ్లు ఓర్చుకుంది.

మీ సీలింగుకు ఆ ఓర్పు లేదు. అక్కడి ఇళ్లలో సాధారణంగా ఉండేది అరంగుళం మందం జిప్సం పలక, దానికి రెండువైపులా కాగితం. తడిస్తే మెత్తబడి, బరువెక్కి, చివరికి ఊడిపడుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది.

మరక అంచు చూడండి. టీ గ్లాసు పెట్టి తీసినట్టు వలయం చుట్టూ వలయం ఉంటే, నీళ్లు దిగి, ఆరి, మళ్లీ దిగాయన్నమాట. ఇప్పుడు పొడిగా ఉందన్న ధైర్యం అందుకే చాలదు. పెన్సిలుతో అంచు గీసి తేదీ వేయండి. వాన పడ్డాక మరక గీత దాటితే పైకప్పును అనుమానించండి. వానతో పనిలేకుండా పెరిగితే పైన స్నానాలగది పైపో, కమోడు అడుగో కారుతోందేమో చూడండి. మంచు కురిసే రోజుల్లోనే వస్తే, చూరు దగ్గర గడ్డకట్టిన మంచు కరిగిన నీటికి అడ్డుకట్టయి, దాన్ని పైకప్పు పెంకుల కిందికి ఎక్కిస్తోందేమో చూడాలి. మరకకు సరిగ్గా పైనే కంత ఉంటుందని మాత్రం అనుకోకండి. నీళ్లు చెక్క దూలం వెంట జారి ఎక్కడో చుక్క వేస్తాయి. అక్కడ మా మొదటి ఇంట్లో హాలు మధ్య మరకకు మూలం, గోడవార పైకప్పులోంచి పైకి వచ్చే గొట్టం చుట్టూ ఊడి లేచిన రేకులో దొరికింది.

మరక కన్నా ముందే రంగు చిన్న బుడగలా లేవడం, పలకల అతుకు గీతలా తేలడం, అల్మరా తెరిస్తే ముక్కిన బియ్యం వాసన రావడం జరగవచ్చు. వాసన విషయంలో మీ ముక్కునే నమ్మండి.

అద్దె ఇల్లు కాబట్టి ఫొటో తీసి యజమానికి ఈరోజే ఈమెయిలు పంపండి, నోటిమాట చాలదు. రేపు సొంత ఇల్లు కొన్నా ఇదే జాగ్రత్త: హఠాత్తుగా పగిలిన పైపుకు బీమా డబ్బు రావచ్చు గానీ, నెలల తరబడి కారినదానికి సాధారణంగా రాదు. మా అమ్మలా పైన రంగు మాత్రం పూయకండి. మామూలు రంగులోంచి ఆ మరక మళ్లీ బయటికి వస్తుంది.

సీలింగు ఉబ్బి కిందికి వేలాడితే పెన్సిలూ తేదీలూ వద్దు. మంచం జరిపి, ఆ గదికి కరెంటు ఆపి, కింద బకెట్ పెట్టి, ఆ ఉబ్బు కింద నిలబడకుండా యజమానికి ఫోను చేయండి, అర్ధరాత్రి అయినా సరే.