ఇంటిదొంగ కథ రాస్తున్న బిడ్డకు

నల్లగొండ,
ఆదివారం పొద్దున

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఫోన్లో, కళ్లు మండేదాకా. రెండోసారి క్లాక్ టవర్ దగ్గర జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని, పెన్ను చేతపట్టుకుని. ఇరవై రెండు పేజీలు. మొదటి తొమ్మిది పేజీల్లో ఒక్క గీత కూడా పెట్టలేదు. ఢిల్లీలో గూఢచారి సంస్థలో పెద్ద ఉద్యోగం చేస్తూ పరాయి దేశానికి రహస్యాలు అమ్ముకునే ఆ మనిషి, పొద్దున్నే కూతురికి జడలు వేయడం ఉంది చూడూ, అది నాకు నిద్రలో కూడా గుర్తొచ్చింది.

పదో పేజీలో నీ సీబీఐ ఇన్‌స్పెక్టర్ వచ్చి, అతని కళ్లలోకి చూసి, 'వీడే' అనుకున్నాడు. నేను పెన్ను కింద పెట్టి చాయ్ తాగడానికి లేచాను.

చూసి చెప్పే పనైతే ఆ సంస్థలకు అన్నేళ్లు ఎందుకు పడుతుంది? అబద్ధం ఎలా చెప్పాలో జీతమిచ్చి నేర్పించిన మనుషులు వాళ్లు. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏలో ఆల్డ్రిచ్ ఏమ్స్ అనేవాడు 1985లో సోవియట్ వాళ్లకు అమ్ముడుపోయాడు. ఆ తర్వాత 1986లో, మళ్లీ 1991లో లై డిటెక్టర్ ముందు కూర్చోబెట్టారు. రెండుసార్లూ గట్టెక్కాడు. యంత్రానికి దొరకనివాడు నీ ఇన్‌స్పెక్టర్ చూపుకు దొరికాడంటే నేను నమ్మను.

ఏమ్స్ ఎట్లా దొరికాడో చెప్తాను. జడ్చర్లలో బ్యాంకు కౌంటర్ వెనక కూర్చునేదానివి, నాకంటే నీకే తొందరగా ఎక్కుతుంది.

1985, 86లో సోవియట్ యూనియన్ లోపల సీఐఏకి సమాచారమిచ్చే మనుషులు ఒకరి వెనక ఒకరు మాయమవుతూ వచ్చారు. కనీసం పదిమంది ప్రాణాలు పోయాయి. లోపల ఎవరో ఉన్నారన్న అనుమానంతో జీన్ వర్టఫే అనే పెద్దావిడను, ఆమెతో కొద్దిమందిని కూర్చోబెట్టారు. తుపాకులు లేవు, వెంబడించడాలు లేవు. ముందు ఒక జాబితా: పోయినవాళ్ల సంగతి తెలిసే అవకాశం ఎవరెవరికి ఉంది? ఆ జట్టులో శాండీ గ్రైమ్స్ అనే ఆమె ఏమ్స్ రోజువారీ బతుకునంతా తేదీలవారీగా టైపు చేస్తూ పోయింది. ఏ రోజు ఎక్కడికెళ్లాడు, ఎవరిని కలిశాడు, సెలవు ఎప్పుడు పెట్టాడు. సోవియట్ రాయబార కార్యాలయంలోని చువాఖిన్ అనే అధికారితో ఏమ్స్ అప్పుడప్పుడు భోజనానికి వెళ్లేవాడు. అది దొంగచాటు వ్యవహారం కూడా కాదు. అతన్ని మనవైపు తిప్పడానికే వెళ్తున్నానని ఆఫీసుకు చెప్పి, పర్మిషన్‌తో వెళ్లాడు. వెళ్లొచ్చానని తానే రాసిచ్చాడు.

1992లో బ్యాంకు లెక్కలు చేతికొచ్చాక ఆమె వాటిని కూడా అదే పట్టికలో ఎక్కించింది. 1985 మే 17న భోజనం. మే 18న ఖాతాలో 9,000 డాలర్లు. జులై 2న భోజనం. జులై 5న 5,000 డాలర్లు. జులై 31న భోజనం, అదే రోజు 8,500 డాలర్లు.

ఆ తొమ్మిది వేల దగ్గర ఒక్క నిమిషం ఆగు. పది వేల డాలర్లు దాటి నగదు కడితే అక్కడి బ్యాంకు ప్రభుత్వానికి తెలపాలి. అందుకే తొమ్మిది. పాన్ కార్డు అడుగుతారని 49,000 రాసుకొచ్చి, మర్నాడు మళ్లీ 49,000తో వచ్చే పెద్దమనుషుల గురించి పోయినేడు నువ్వే నాకు చెప్పి నవ్వావు. స్లిప్పు నింపేటప్పుడు వాళ్ల చెయ్యి ఎట్లా ఆగుతుందో, ఎట్లా అటూ ఇటూ చూస్తారో నీకు తెలుసు. ఆ చెయ్యిని ఢిల్లీకి తీసుకెళ్లు. నీ కథలో బ్యాంకు ఒక్క వాక్యంలో అయిపోయింది, అదీ 'స్విస్ ఖాతా' అని. నీకు తెలిసిన కౌంటర్‌ను వదిలి, నువ్వు చూడని స్విట్జర్లాండుకు ఎందుకు పోయావు బిడ్డా?

సరే, పట్టిక తయారైంది. ఆమెకు అర్థమైపోయింది. అయినా ఏమ్స్ అరెస్టయింది 1994 ఫిబ్రవరి 21న. తెలిసినదానికీ, కోర్టులో నిలిచేదానికీ మధ్య ఏడాదిన్నర. ఈలోగా అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ వాళ్లు అతని ఇంటి చెత్తబుట్టలు ఏరారు. 1993 సెప్టెంబర్లో ఆ చెత్తలో చింపి పడేసిన పసుపుపచ్చ చీటీ ముక్కలు దొరికాయి. అతికించి చూస్తే కొలంబియా రాజధాని బొగోటాలో కలుసుకోవడం గురించి రాసుకున్న మాట. మన దగ్గర, విదేశీ గూఢచర్యం చూసే రా సంస్థలో, రబీందర్ సింగ్ విషయంలో అనుమానానికీ అరెస్టుకీ నడుమ ఉండే ఈ గడువులోనే మనిషి చేజారాడు. తన పనికి సంబంధంలేని కాగితాలు జిరాక్సులు తీస్తున్నాడని తోటివాళ్లకు అనుమానమొచ్చింది, నిఘా పెట్టారు, చూస్తూనే ఉన్నారు. 2004 మేలో నేపాల్ మీదుగా దాటిపోయాడు. నీ కథలో పదో పేజీలో అనుమానం, పదకొండో పేజీలో బేడీలు. మధ్యలో ఉండాల్సిన టెన్షన్ మొత్తం పోయింది. వాడే అని తెలిసీ, రోజూ వాడితో లిఫ్టులో నవ్వుతూ నమస్తే పెట్టాల్సిన ఇన్‌స్పెక్టర్‌ని రాయి.

ఇంకొక ముచ్చట. ఏమ్స్ జీతం ఏడాదికి 70,000 డాలర్లు కూడా లేదు. 5,40,000 డాలర్ల ఇల్లు అప్పు లేకుండా కొన్నాడు. జాగ్వార్ కారులో ఆఫీసుకొచ్చాడు. అందరూ చూశారు. అడిగితే 'అత్తగారివాళ్లు ఇచ్చారు' అన్నాడు. భార్యది కొలంబియా, కలిగినవాళ్లంటే నమ్మారు. ఆ కుటుంబంతో స్నేహమున్న ఒక సహోద్యోగినికి మాత్రం ఒకటి తట్టింది: కొత్త ఇంటికి కర్టెన్లు ఒక్కో గదికి కాకుండా, ఇల్లంతటికీ ఒకేసారి, ధర కూడా చూడకుండా కుట్టిస్తున్నారేమిటని. నెల జీతంతో ఇల్లు నడిపిన మనిషికే కనిపించే సంగతి ఇది.

'అత్తగారివాళ్లు ఇచ్చారు' అనే మాట నేనూ ఒకసారి విన్నాను. ఈ సంగతి ఇన్నేళ్లలో ఎక్కడా రాయలేదు.

నా సర్వీసు మొదట్లో ఒక ఆఫీసులో చెరువు మరమ్మతులకు, కల్వర్టులకు సీల్డ్ టెండర్లు పిలిచేవాళ్లం. ఒకే కాంట్రాక్టరుకు పడుతుండేవి. అందరికన్నా తక్కువ రాసినవాడి కంటే మరో రెండు మూడు వందలు తక్కువ, దాదాపు ప్రతిసారీ. కవర్లు విప్పకముందే లోపలి అంకె బయటికి పోతోందని అర్థమైంది. మా టైపిస్టు సరిగ్గా అప్పుడే కొత్త బజాజ్ చేతక్ కొన్నాడు. తక్కువ మాట్లాడే మనిషి. ఎవరో అడిగితే, అత్తగారివాళ్లు చెలక అమ్మి ఇచ్చారన్నాడు. మేం మొహమొహాలు చూసుకుని నవ్వాం. నేనూ నవ్వాను. నెల తిరక్కుండా అతని దగ్గర్నుంచి ఫైళ్లు తీసేశారు. అటెండర్ కూడా అతనికి చాయ్ ఇచ్చి, మాట్లాడకుండా వచ్చేవాడు.

ఆడిట్‌కొచ్చిన ఒక ముసలాయన, పళ్లు లేవు, ఉప్మా చల్లారనిచ్చి తినేవాడు, రెండు రిజిస్టర్లు పక్కపక్కన పెట్టించాడు. టెండర్లది ఒకటి, హాజరుది ఒకటి. అంకె బయటికి పోయిన రోజుల జోలికి ఆయన పోలేదు. పోని రోజులు ఎన్ని ఉన్నాయని అడిగాడు. నాలుగు తేలాయి. ఆ నాలుగింటికీ కవర్లు పెట్టె తాళంలో ఉన్న పూట మా హెడ్ క్లర్కు సీఎల్ పెట్టి సెలవులో ఉన్నాడు. అందరికంటే ముందొచ్చి, దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించే మనిషి. లక్క, సీలు ఉండే బీరువా ఆయన చేతిలోనే ఉండేది.

'ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు' అని నీ కథకు ముందు సామెత పెట్టుకున్నావు. ఉంచుకో. కానీ ఒకసారి ఆ ఈశ్వరుడి దగ్గరికే తీసుకెళ్తాను, మన నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయానికి. గర్భగుడిలో పొద్దంతా ఒక స్తంభం నీడ నిలబడి ఉంటుంది. సూర్యుడు కదులుతాడు, నీడ కదలదు. ఎదురుగా అన్ని స్తంభాలున్నాయి, ఆ నీడ దేనిదో నిలబడి చూస్తే తేలదు. వేలు పెట్టి 'ఇదే' అని చూపించేవాళ్లను చాలామందిని చూశాను, ఒక్కొక్కరు ఒక్కో స్తంభం.

సీఐఏ కథ అచ్చం ఇట్లాగే నడిచింది. మనుషులు పోతున్నప్పుడు మొదట వేలు చూపించింది ఎడ్వర్డ్ లీ హోవార్డ్ వైపు. సీఐఏ ఉద్యోగంలోంచి తీసేసినవాడు, 1985లోనే దేశం విడిచిపోయాడు. అతనూ దోషే, కానీ అతనికి తెలిసే వీలులేని మనుషులు కూడా పోయారు. తర్వాత ఏమ్స్ దొరికాడు. అమ్మయ్య అనుకున్నారు. మళ్లీ లెక్క తప్పింది: 1989లో ఫీలిక్స్ బ్లాక్ అనే దౌత్యవేత్త మీద ఎఫ్‌బీఐ నడిపిన దర్యాప్తు గురించి మాస్కోకు ముందే తెలిసిపోయింది, ఏమ్స్‌కేమో అది తెలిసే వీలు లేదు. అంటే ఇంకో స్తంభం ఉంది.

ఇక్కడే వాళ్లూ మా ఆఫీసు చేసిన పనే చేశారు. బ్రయన్ కెల్లీ అనే సీఐఏ అధికారి జాబితాలో అన్ని గడులకూ సరిపోయాడు. అతని ఇంట్లో ఒక మ్యాప్ దొరికింది, తాను జాగింగ్ చేసే పార్కులో దారి, పట్టిన సమయం రాసుకున్నది. రహస్య కాగితాలు దాచే చోట్ల పటం అనుకున్నారు. ఏమీ దొరక్కపోతే, ఇంత శుభ్రంగా ఉన్నాడంటే ఎంత ఆరితేరినవాడో అనుకున్నారు. పిల్లల్ని, అక్కచెల్లెళ్లను కూడా ప్రశ్నించారు. 1999 నుంచి సుమారు 18 నెలలు ఉద్యోగానికి దూరంగా కూర్చోబెట్టారు.

అసలువాడు ఎఫ్‌బీఐలోనే ఉన్నాడు, రాబర్ట్ హాన్సెన్. 1979 నుంచి అమ్ముతున్నాడు. ఒకప్పుడు లోపలి దొంగ ఎవరో విశ్లేషించమని అతనికే పని అప్పజెప్పారంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. చివరికి సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీలో పనిచేసిన ఒక పాత అధికారికి 70 లక్షల డాలర్లిచ్చి మాస్కో ఫైలు కొన్నారు. అందులో ఆ దొంగ కేజీబీ మనిషితో మాట్లాడిన 1986 నాటి ఫోన్ టేపు ఉంది. కెల్లీ గొంతు వినడానికి చెవులు రిక్కించి కూర్చున్నవాళ్లకు వేరే గొంతు వినిపించింది, తెలిసిన గొంతు. ఆ ఫైలులోనే రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా జనరల్ ప్యాటన్ అన్న ఒక మోటు మాట ఉంది. అది మా హాన్సెన్ ఊతపదం కదా అని ఒకాయనకు గుర్తొచ్చింది. కాగితాలు చుట్టి ఇచ్చిన చెత్తసంచి మీద అతని వేలిముద్రలు. 2001 ఫిబ్రవరి 18న వర్జీనియాలో ఒక పార్కు దగ్గర పట్టుకున్నారు.

ఊతపదం! నీ మనిషికి ఒకటి పెట్టు. మూడో పేజీలోనే పెట్టు, కూతురికి జడ వేస్తూ అననివ్వు. పాఠకుడు నవ్వుకుని మరిచిపోతాడు. పద్దెనిమిదో పేజీలో అదే మాట ఎక్కడో రాసి ఉండగా దొరకనివ్వు.

కథలో నువ్వు 'డబుల్ ఏజెంట్' అని నాలుగుచోట్ల రాశావు. డబుల్ ఏజెంట్ అంటే శత్రువుకు గూఢచారిగా నటిస్తూ నిజానికి మనకే పనిచేసేవాడు. నీ మనిషి అది కాదు, సొంత సంస్థలో ఉంటూ లోపల్నుంచి అమ్ముకునేవాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో 'ఉభయవేతనుడు' అని ఒక మాటుంది, రెండువైపులా జీతం తినేవాడని. అది శత్రువు దగ్గర కొలువులో చేర్చిన మనవాడికి వాడిన పేరు. అయినా మాట నోటికి రుచిగా ఉంది, ఏ ముసలి ఆఫీసరు నోటనో అనిపించు. ఒక గూఢచారి మాట చాలదు, ముగ్గురు విడివిడిగా ఒకే మాట చెప్తేనే నమ్మమని కూడా అందులోనే ఉంది. ఆడిట్ ముసలాయన అది చదివి ఉంటాడని నేను అనుకోను.

కథలో కెల్లీ లాంటి మనిషి ఒకడు ఉండాలి. ఇది సలహా కాదు, అడుగుతున్నాను. మన దేశంలోనే చూడు. రాకెట్ రహస్యాలు అమ్మారన్న 1994 ఇస్రో కేసులో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను అరెస్టు చేశారు. 1996లో సీబీఐ ఆ ఆరోపణలు నిలవవని తేల్చింది. సుప్రీంకోర్టు 50 లక్షలు పరిహారమిమ్మన్నది 2018లో. ఇరవై నాలుగేళ్లు. మనిషి చేసే పరిశోధనకు ఆ ఇరవై నాలుగేళ్లు ఒక పక్క, పట్టుబడిన దొంగ ఒక పక్క. నీ కథలో రెండో పక్కే ఉంది.

మా టైపిస్టుకు మళ్లీ ఫైళ్లిచ్చారు. సారీ అని ఎవరూ అనలేదు, అట్లా అనే అలవాటు ఆఫీసుల్లో లేదు. నేను ఒకరోజు చాయ్ తాగుదాం రమ్మన్నాను. 'ఇప్పుడే తాగిన సార్' అన్నాడు. అంతకుముందు నన్ను అన్నా అనేవాడు. ఏడాది తిరిగేసరికి ఆ స్కూటరు అమ్మేసి సైకిలు మీద వచ్చాడు. రిటైరయ్యేదాకా సైకిలే.

మళ్లీ రాశాక పట్టుకుని రా. కల్వకుర్తి, దేవరకొండ మీదుగా వస్తే మధ్యాహ్నానికల్లా చేరతావు. మీ పెద్దమ్మ సర్వపిండి చేస్తానంటోంది. పానగల్లుకు ఎండ తగ్గాక పోదాం. ఈసారి ప్రింటు ఖర్చు మాత్రం నీదే.

మీ పెదనాన్న